డిస్కస్ ట్యాంకులో పీహెచ్: ఎందుకు పడిపోతుంది, ఏది పట్టి ఉంచుతుంది

డిస్కస్ పెంచాలనుకునేవాళ్లు ట్యాంకు కొనకముందే పీహెచ్ (నీళ్ల ఆమ్లతను చెప్పే కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) గురించి టెన్షన్ పడటం మొదలుపెడతారు. ఎవరిని అడిగినా ఒకటే మాట వినిపిస్తుంది: ఈ చేపకి ఆమ్లగుణం ఉన్న, కరిగిన ఖనిజాలు తక్కువున్న సాఫ్ట్ వాటర్ కావాలి, పీహెచ్ 6.5 దాటకూడదు. వెంటనే టెస్ట్ కిట్ తెచ్చి చూస్తారు. కుళాయి నీళ్లు 7.8 అని తేలితే గుండె జారిపోయి పీహెచ్ తగ్గించే మందు సీసా కొంటారు. అసలు కష్టాలు ఆ సీసా మూత తీశాకే మొదలవుతాయి. నిలకడగా ఉండే 7.8 పెంపకపు డిస్కస్‌ని చంపదు. దాన్ని రాత్రి 6.8కి లాగి, తెల్లారేసరికి మళ్లీ పైకి పోనిచ్చి, సాయంత్రం ఇంకో మోతాదు వేసే పద్ధతి మాత్రం చంపగలదు.

పీహెచ్ దానంతట అది పెరిగేదీ తగ్గేదీ కాదు. నీళ్లలో ఇంకేదో మారితే ఆ మార్పు పీహెచ్‌లో కనిపిస్తుంది. ఆ ఇంకేదోని పట్టించుకోకుండా పీహెచ్ ఒక్కదాన్నే సరిచేయబోతే ఎంత డబ్బు, ఎంత శ్రద్ధ పెట్టినా ఫలితం ఉండదు.

ముందు ఈ 6.5 అనే మాట ఎక్కడిదో చూడాలి. డిస్కస్ అమెజాన్ నదీ ప్రాంతపు చేప. 1840లో వియన్నాలో యోహాన్ యాకోబ్ హెకెల్ అనే శాస్త్రవేత్త దీన్ని మొదటిసారి వర్ణించి సింఫిసోడాన్ డిస్కస్ అని పేరు పెట్టాడు. ఆయన చేతికి వచ్చిన చేపను యోహాన్ నాటరర్ రియో నీగ్రోలో సేకరించాడు. రియో నీగ్రో అంటే నల్ల నది. తెల్లటి ఇసుక నేలల మీదుగా, అడవిలో కుళ్లిన ఆకుల రసమంతా దిగి, పాలు పోయని టీ రంగులో పారుతుంది. దాని పీహెచ్ 4, 5 మధ్య ఉంటుంది. కరిగిన లవణాలు దాదాపు వాన నీళ్లలో ఉన్నంతే. కండక్టివిటీ, అంటే లవణాలెంత ఉన్నాయో చెప్పే విద్యుత్ వాహకత, 10 మైక్రోసీమెన్స్ దరిదాపుల్లో ఉంటుంది. అదే నది బ్రెజిల్‌లోని మనౌస్ నగరం దగ్గర సొలిమోయిస్‌ని కలుస్తుంది. ఆండీస్ కొండల మట్టిని మోసుకొచ్చే ఈ బురద నది పీహెచ్ 7కి దగ్గర. రెండు నదులూ కొన్ని కిలోమీటర్ల దూరం ఒకదాంట్లో ఒకటి కలవకుండా, గీత గీసినట్టు పక్కపక్కనే నడుస్తాయి.

హెకెల్ పేరుతో పిలిచే డిస్కస్ ఆ నల్ల నీళ్లది. గోధుమ, నీలి రకాలు అమెజాన్‌ని ఆనుకున్న వరద సరస్సుల్లో, ఉపనదుల్లో పడిపోయిన చెట్ల కొమ్మల మధ్య బతుకుతాయి. వాటిలో కొన్నిచోట్ల పీహెచ్ 6 పైనే ఉంటుంది. అంటే అడవి డిస్కస్‌లన్నిటికీ కలిపి ఒకే అంకె చెప్పడం కుదరదు. ఇక ఇళ్లలోని ట్యాంకుల్లో ఉండే ఎర్ర, తెల్ల, చుక్కల రకాలు ఎన్నో తరాలుగా పెంపకందారుల తొట్లలోనే పుట్టి పెరిగినవి. వాటిలో చాలా భాగం మామూలు కుళాయి నీళ్లలో ఎదిగినవే. పీహెచ్ 6 నుంచి 7.5 దాకా ఎక్కడ నిలకడగా ఉన్నా ఇవి తిని, రంగు తేలి, హాయిగా ఉంటాయి. నెమ్మదిగా అలవాటు చేస్తే 7.8 కూడా వీటికి పెద్ద ఇబ్బంది కాదు.

పీహెచ్ వెనక ఉన్న కేహెచ్

1909లో కోపెన్‌హాగెన్‌లో సోరెన్సెన్ అనే శాస్త్రవేత్త ఈ పీహెచ్ కొలతను ప్రవేశపెట్టాడు. ఇందులో ఒక్క అంకె తేడా అంటే పది రెట్ల తేడా. 7 నుంచి 6కి వస్తే నీళ్లలో ఆమ్లత పది రెట్లు పెరిగినట్టు, 5కి వస్తే వంద రెట్లు. అందుకే "ఏముంది, రెండు పాయింట్లేగా" అనుకోవడానికి వీల్లేదు.

ఇంటి ట్యాంకులో పీహెచ్‌ని ప్రధానంగా రెండు నిర్ణయిస్తాయి. ఒకటి నీళ్లలో కరిగిన బైకార్బొనేట్లు. వీటిని కేహెచ్ అనే పేరుతో కొలుస్తారు. ఒక డిగ్రీ కేహెచ్ అంటే లీటరుకు 17.9 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌కి సమానం. రెండోది కరిగిన కార్బన్ డయాక్సైడ్. కేహెచ్ పీహెచ్‌ని పైకి నెడుతుంది, కార్బన్ డయాక్సైడ్ కిందికి లాగుతుంది. చేపలు, బాక్టీరియా ఊపిరి తీసుకుంటూ ఉంటాయి కాబట్టి మామూలు ట్యాంకులో లీటరుకు సుమారు 3 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉంటుందని అనుకోవచ్చు. ఆ లెక్కన కేహెచ్ 8 ఉన్న నీళ్లు 7.9 దగ్గర నిలబడతాయి. కేహెచ్ 4 అయితే 7.6. కేహెచ్ 2 అయితే 7.3. కేహెచ్ 1 అయితే 7.0.

ఈ వరుసను ఇంకోసారి చూడండి. కేహెచ్ 8 నుంచి 4కి, అంటే నాలుగు డిగ్రీలు పోయినా పీహెచ్ తగ్గింది 0.3 మాత్రమే. 2 నుంచి 1కి, అంటే ఒక్క డిగ్రీ పోయినా తగ్గింది అంతే 0.3. కేహెచ్ సగమైన ప్రతిసారీ 0.3 తగ్గుతుందన్నమాట. అలాగే లెక్కవేస్తూ పోతే అర డిగ్రీ దగ్గర 6.7, పావు డిగ్రీ దగ్గర 6.4 వస్తాయి. ఆ తర్వాత మిగిలిన కాస్త కేహెచ్ కూడా ఖర్చయిపోతే 5.5 అయినా 5 అయినా ఆపేది ఏమీ ఉండదు. వారాల తరబడి ఏ కదలికా చూపించని పీహెచ్ ఒకటి రెండు రోజుల్లో కుప్పకూలిపోవడానికి కారణం ఇదే. పీహెచ్ ఒక్కటే కొలిచేవాళ్లకి ఇది హఠాత్తుగా జరిగినట్టు కనిపిస్తుంది. కేహెచ్ కొలిచేవాళ్లకి రెండు వారాల ముందే తెలుస్తుంది.

కేహెచ్ టెస్ట్ చేయడం అన్నిటికన్నా తేలిక. చిన్న గాజు సీసాలో 5 మిల్లీలీటర్ల ట్యాంకు నీళ్లు తీసుకుని, కిట్‌లోని ద్రావణాన్ని చుక్కచుక్కగా వేస్తూ సీసాను ఆడిస్తారు. చాలా కిట్లలో మొదటి చుక్కకి నీళ్లు నీలంగా మారతాయి. రెండు, మూడు, నాలుగు... ఒక చుక్క దగ్గర ఆ నీలం ఉన్నట్టుండి పసుపు అయిపోతుంది. ఎన్నో చుక్కకి మారిందో అన్ని డిగ్రీలు. రంగుల కార్డు పక్కన పెట్టి ఇది ఆకుపచ్చా, లేత ఆకుపచ్చా అని కళ్లు చిట్లించే పని లేదు. మొదటి చుక్కకే పసుపు వచ్చిందంటే ఆ ట్యాంకు అంచు మీద ఉందని అర్థం. అలాంటి నీళ్లను 10 మిల్లీలీటర్లు తీసుకుని మళ్లీ చూస్తే ఒక్కో చుక్క అర డిగ్రీ అవుతుంది కాబట్టి ఇంకా ఖచ్చితంగా తెలుస్తుంది.

మందు సీసా చేసే పని

కేహెచ్ 8, పీహెచ్ 7.9 ఉన్న ట్యాంకులో ఆమ్లం వేస్తే ఏమవుతుంది? ఆ ఆమ్లం ముందుగా బైకార్బొనేట్ మీద పడుతుంది. కేహెచ్‌లో పదో వంతును ఖర్చు చేసేంత వేశారనుకుందాం. 8 కాస్తా 7.2 అవుతుంది. ఖర్చయిన ఆ బైకార్బొనేట్ ఎక్కడికీ పోదు, కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. లీటరుకు దాదాపు 12 మిల్లీగ్రాములు ఒక్కసారిగా వచ్చి చేరతాయి. దాంతో పీహెచ్ 7.1కి దిగుతుంది. టెస్ట్ చేసి చూసినవాళ్లకి మందు బ్రహ్మాండంగా పనిచేసినట్టే ఉంటుంది. రాత్రంతా గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ నడుస్తుంది, అదనపు కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. పొద్దున చూస్తే కేహెచ్ 7.2, పీహెచ్ 7.85. ఎక్కడ బయల్దేరిందో దాదాపు అక్కడికే వచ్చేసింది.

ఈ మధ్యలో చేప ఒక్క రాత్రిలో ముప్పావు పాయింటు కిందికి, మళ్లీ ముప్పావు పాయింటు పైకి తిరిగింది. రోజూ ఇదే జరిగితే డిస్కస్ ముదురు రంగుకి తిరుగుతుంది, ఒంటి మీది నిలువు చారలు నల్లబడతాయి, రెక్కలు ముడుచుకుని మూలకి చేరుతుంది. పెంపకందారు దాన్ని జబ్బు అనుకుని ఇంకో మందు వేస్తారు. ఈ వరుస చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ప్రతి అడుగూ చేప మీద ప్రేమతో వేసిందే.

ఆ నీళ్లని అదే పద్ధతిలో 6.5 దగ్గర నిలబెట్టాలంటే కేహెచ్‌ని మూడో వంతు డిగ్రీకి తీసుకురావాలి. అంటే ఎనిమిది డిగ్రీలనీ దాదాపు పూర్తిగా కాల్చేయాలి. అప్పుడు నీళ్లకి ఏ ఆసరా మిగలదు. ఫాస్ఫేట్ కలిసిన బఫర్ పొడులు పీహెచ్‌ని కొంత కాలం పట్టి ఉంచుతాయి కానీ, వాటితో వచ్చే ఫాస్ఫేట్ నాచుకి మేత అవుతుంది. పైగా కేహెచ్ ఎక్కువున్న నీళ్లలో అవి కూడా ఓడిపోతాయి.

బాదం ఆకులు, పీట్ (బురద నేలల్లో కుళ్లిన నాచు), చెక్క మొద్దులు కూడా ఇంతే. సాఫ్ట్ వాటర్‌లో ఇవి పీహెచ్‌ని మెల్లగా దించుతాయి. హార్డ్ వాటర్‌లో రంగు మాత్రమే మారుస్తాయి. అయినా వేయడంలో తప్పు లేదు. ఆకుల నుంచి దిగే హ్యూమిక్ పదార్థాలు తక్కువ పీహెచ్‌లో మొప్పల గుండా ఉప్పు బయటికి పోకుండా కొంత కాపాడతాయి. నల్ల నదుల చేపలు అంత ఆమ్లంలో బతకగలగడానికి ఇది కూడా ఒక కారణం. పీహెచ్ కోసం కాకుండా దీనికోసమే ఆకులు వేసుకోవచ్చు.

ఫిల్టర్ తినే కేహెచ్

ఇప్పుడు అసలు విషయం. డిస్కస్ బాగా తినే చేప. మాంసకృత్తులు ఎక్కువున్న మేత రోజుకు రెండు మూడు సార్లు, పిల్లలైతే ఇంకా ఎక్కువ సార్లు పడుతుంది. నీళ్లు 28 నుంచి 30 డిగ్రీల వేడిలో ఉంటాయి కాబట్టి అరుగుదల కూడా వేగంగా జరుగుతుంది. తిన్న దాంట్లోని నైట్రోజన్‌లో పెద్ద భాగం అమ్మోనియాగా బయటికి వస్తుంది. ఫిల్టర్‌లోని బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ పనిలో ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం కేహెచ్‌ని తింటుంది. చేప తిన్న మేత చివరికి నైట్రేట్‌గా తేలేసరికి, లీటరుకు 22 మిల్లీగ్రాముల నైట్రేట్‌కి సుమారు ఒక డిగ్రీ కేహెచ్ ఖర్చవుతుంది.

దీన్ని ఒక ట్యాంకుకి అన్వయించి చూద్దాం. 200 లీటర్ల నీళ్లు, ఆరు పెద్ద డిస్కస్‌లు, రోజుకు 10 గ్రాముల పొడి మేత. అందులో 45 శాతం ప్రోటీన్ ఉంటే నైట్రోజన్ 0.7 గ్రాములు దాటుతుంది. సగమే అమ్మోనియాగా వచ్చిందనుకున్నా రోజుకు లీటరుకు 8 మిల్లీగ్రాముల నైట్రేట్ పెరుగుతుంది. అంటే కేహెచ్ రోజుకు మూడో వంతు డిగ్రీకి పైగా తగ్గుతుంది, వారానికి రెండున్నర డిగ్రీలు. మొక్కలు బాగా ఉంటే కొంత తేడా వస్తుంది కానీ డిస్కస్ ట్యాంకులు చాలావరకు అడుగున ఇసుక కూడా లేని ఖాళీ గాజు తొట్లే.

కేహెచ్ 10 ఉన్న కుళాయి నీళ్లతో నడిచే ట్యాంకులో వారానికి రెండున్నర డిగ్రీలు పోయినా ఎవరికీ తెలియదు. పీహెచ్ 0.1 మారుతుంది, అంతే. ఆర్‌ఓ నీళ్లు (లవణాలు దాదాపు తీసేసినవి) కలిపి కేహెచ్‌ని 2కి తెచ్చుకున్న ట్యాంకులో అదే రెండున్నర డిగ్రీలు పోవాల్సి వస్తే? వారం గడవకముందే ఖాతా సున్నా అవుతుంది. చేప బాగుండాలని నీళ్లను సాఫ్ట్‌గా మార్చినవాళ్లే ఎక్కువగా పీహెచ్ పతనం పాలవడానికి కారణం ఈ చిన్న లెక్క. తక్కువ పీహెచ్‌తో డిస్కస్‌కి ఏ తగాదా లేదు. ప్రమాదమంతా తక్కువ కేహెచ్ ఉన్న నీళ్లలో ఎక్కువ మేత వేసి, నీళ్లు మార్చడం వాయిదా వేయడంలో ఉంది.

పతనం తర్వాత ఇంకో మలుపు ఉంది, అది మొదటిదాని కన్నా ప్రమాదకరం. పీహెచ్ 6 కిందికి పోయాక ఫిల్టర్ బాక్టీరియా బాగా నెమ్మదిస్తాయి. అమ్మోనియా పోగవడం మొదలవుతుంది. కానీ ఆమ్ల నీళ్లలో అది దాదాపు అంతా అమ్మోనియం రూపంలో ఉంటుంది, ఆ రూపంలో చేపకి చేసే హాని చాలా తక్కువ. ఈ వేడిలో పీహెచ్ 8 దగ్గర మొత్తం అమ్మోనియాలో 7 శాతం విష రూపంలో ఉంటే, 7 దగ్గర అది ఒక శాతం లోపే. 5.5 దగ్గర దాదాపు సున్నా. అందుకే చేపలు కాస్త నీరసంగా ఉన్నా తిరుగుతూనే ఉంటాయి.

ఒక ఆదివారం పొద్దున యజమాని టెస్ట్ చేసి 5.5 చూస్తారు. గాభరాపడి సగం నీళ్లు తీసేసి, పీహెచ్ 8 ఉన్న కుళాయి నీళ్లు నింపుతారు. నీళ్లు మార్చితే మంచిదేగా అనిపిస్తుంది. అప్పటికి ట్యాంకులో లీటరుకు 4 మిల్లీగ్రాముల అమ్మోనియం పోగై ఉంటే, సగం తీసేశాక 2 మిగులుతుంది. కానీ పీహెచ్ గంటలోపే 7.5కి చేరుతుంది. రెండు పాయింట్లు పెరిగితే విష రూపం వాటా వంద రెట్లవుతుంది. సగం తీసేసినా మిగిలింది యాభై రెట్లు. లీటరుకు 0.05 మిల్లీగ్రాముల దరిదాపుల్లో విష అమ్మోనియా మొప్పల్ని కాలుస్తుంది. చేపలు పైకొచ్చి గబగబా ఊపిరి పీలుస్తాయి, ఒంటి మీద పాల పొర లాంటి జిగురు కడుతుంది. సాయంత్రానికి ఒకటి రెండు పోతాయి. "పీహెచ్ షాక్‌తో పోయాయి" అంటారు. చాలాసార్లు చంపింది అమ్మోనియా.

పీహెచ్ పడిపోయిన ట్యాంకు కనిపించినప్పుడు ముందు చేయాల్సింది అమ్మోనియా టెస్ట్. అమ్మోనియా ఉంటే దాన్ని బంధించే కండిషనర్ వేసి, మేత ఆపి, పది పదిహేను శాతం చొప్పున మాత్రమే నీళ్లు మార్చుకుంటూ పోవాలి. కేహెచ్‌ని రోజుకు అర డిగ్రీ చొప్పున పెంచితే చాలు. దీనికి వంటసోడా ఉంది. 100 లీటర్లకు 3 గ్రాములు వేస్తే కేహెచ్ ఒక డిగ్రీ పెరుగుతుంది. అర డిగ్రీకి ఒకటిన్నర గ్రాము, విడిగా ఒక మగ్గు నీళ్లలో పూర్తిగా కరిగించి, ఫిల్టర్ నీళ్లు పడేచోట మెల్లగా పోయాలి. బేకింగ్ పౌడర్ వేరు, దాన్ని వాడకూడదు. తొందర పడాల్సిన పని లేదు. ఆ చేపలు అప్పటికే కొన్ని రోజులుగా ఆ పీహెచ్‌లో ఉన్నాయి, ఇంకో మూడు నాలుగు రోజులు ఉండగలవు.

ఏ నీళ్లు ఎంచుకోవాలి

కేహెచ్ 3 నుంచి 10 మధ్య, పీహెచ్ 8 లోపు ఉన్న కుళాయి నీళ్లు దొరికితే పెంపకపు డిస్కస్‌కి వాటిని అలాగే వాడటం ఉత్తమం. క్లోరిన్ తీసేసి, వేడి సరిచూసి పోయడమే. ఇందులో ఉన్న లాభం ఏంటంటే, ఎంత నీళ్లు మార్చినా కొత్త నీళ్లు, పాత నీళ్లు ఒకటే. వారానికి రెండు మూడు సార్లు సగం నీళ్లు మార్చే ట్యాంకులో కేహెచ్ తగ్గే వ్యవధే ఉండదు. పీహెచ్ కోసం విడిగా ఏమీ చేయక్కర్లేకుండానే అది నిలబడిపోతుంది. డిస్కస్ పిల్లలకి రోజూ సగం నీళ్లు మార్చేవాళ్లకి ఈ సుఖం బాగా తెలుసు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. బోరు నీళ్లలో, కొన్నిచోట్ల కుళాయి నీళ్లలో కూడా భూమి లోపలి కార్బన్ డయాక్సైడ్ చాలా ఉంటుంది. పట్టిన వెంటనే 7.0 చూపించిన నీళ్లు డ్రమ్ములో ఎయిర్ స్టోన్ పెట్టి 24 గంటలు ఉంచితే 8కి చేరవచ్చు. నీళ్ల అసలు పీహెచ్ ఆ రెండోదే. మొదటి రీడింగ్ నమ్మి నేరుగా ట్యాంకులో పోస్తే, నీళ్లు మార్చిన ప్రతిసారీ పీహెచ్ దిగి, ఎక్కుతుంది. ఒక డ్రమ్ము, ఒక ఎయిర్ స్టోన్, ఒక రోజు ఆగడం. ఇంతకన్నా చవకైన పరిష్కారం ఈ హాబీలో ఇంకోటి లేదు.

కుళాయి నీళ్లు మరీ హార్డ్‌గా ఉంటే ఆర్‌ఓ నీళ్లు కలపాలి. కేహెచ్ లెక్క ఇక్కడ సూటిగా ఉంటుంది: కేహెచ్ 12 ఉన్న నీళ్లు ఒక వంతు, ఆర్‌ఓ నీళ్లు రెండు వంతులు కలిపితే 4. మూడు వంతులు కలిపితే 3. పీహెచ్ మాత్రం ఇలా సగటు లెక్కకి లొంగదు, కాబట్టి కలిపేటప్పుడు పీహెచ్ చూడకుండా కేహెచ్ చూసి కలపాలి. పెంపకపు చేపలకి 3, 4 డిగ్రీల దగ్గర ఆగిపోవడమే తెలివైన పని. ఆ నిష్పత్తి ఒకసారి తేల్చుకుని, డ్రమ్ము మీద గీతలు పెట్టుకుని, ప్రతిసారీ అదే పాటించాలి. ఈ వారం మూడు వంతులు, వచ్చే వారం ఆర్‌ఓ నీళ్లు చాలక ఒక వంతు అంటే కష్టం. ఏమీ కలపని ఆర్‌ఓ నీళ్లను నేరుగా ట్యాంకులో పోయడం అయితే అసలు వద్దు.

అడవి నుంచి వచ్చిన హెకెల్ డిస్కస్ పెంచేవాళ్లది వేరే దారి. కేహెచ్ ఒకటి లోపు, పీహెచ్ 5 నుంచి 6. అక్కడ ఫిల్టర్ బాక్టీరియా మీద పూర్తిగా ఆధారపడలేం. చేపలు తక్కువ, మేత తక్కువ, తేలే మొక్కలు ఎక్కువ, రోజూ కొద్దికొద్దిగా అదే రకం నీళ్లు మార్చడం. అనుభవం వచ్చాక చేయాల్సిన పని ఇది. మొదటి డిస్కస్ ట్యాంకుకి దీన్ని నమూనాగా తీసుకోవడం వల్లే చాలామంది ఈ చేప కష్టమని వదిలేస్తున్నారు.

కొలిచే పరికరం గురించి కూడా ఒక మాట. పెన్ను ఆకారంలో ఉండే డిజిటల్ మీటర్ సౌకర్యంగానే ఉంటుంది కానీ, నెలకోసారైనా 7.00, 4.01 ద్రావణాల్లో ముంచి సరిచేయకపోతే అది చూపించే రెండు దశాంశాలకి విలువ లేదు. దాని కొనను ఆర్‌ఓ నీళ్లలో నానబెట్టి ఉంచితే పాడవుతుంది; పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. లవణాలు దాదాపు లేని నీళ్లలో రీడింగ్ నిలకడగా రాదు, కాబట్టి ఆర్‌ఓ నీళ్ల పీహెచ్ కొలిచి కంగారు పడనక్కర్లేదు. మొక్కలున్న ట్యాంకులో పొద్దున, సాయంత్రం రీడింగుల్లో తేడా వస్తుంది, పగలు మొక్కలు కార్బన్ డయాక్సైడ్ వాడుకుంటాయి కాబట్టి. రోజూ ఒకే వేళకి కొలిస్తే ఆ గందరగోళం ఉండదు.

పీహెచ్ ఎందుకో పైకే పోతోందంటే అడుగున ఉన్న ఇసుకను, రాళ్లను అనుమానించాలి. పగడపు ముక్కలు, గవ్వలు, సున్నపు రాయి నెమ్మదిగా కరిగి కేహెచ్ పెంచుతాయి. రాయి మీద రెండు చుక్కల వెనిగర్ వేసి చూడండి. బుడగలొస్తే అది డిస్కస్ ట్యాంకులో ఉండాల్సింది కాదు.

కొత్త చేప, సంచి నీళ్లు

పీహెచ్ షాక్ అనే మాట ఎక్కువగా వినిపించేది కొత్త చేపను ట్యాంకులో వదిలేటప్పుడు. నిజానికి కరిగిన లవణాల తేడా, అంటే టీడీఎస్ తేడా, చేపను ఇంకా ఎక్కువ కష్టపెడుతుంది. హార్డ్ వాటర్‌లో పెరిగిన చేపను ఒక్కసారిగా చప్పటి నీళ్లలో వేస్తే దాని శరీరంలోకి నీళ్లు చొరబడటం, ఉప్పు బయటికి కారడం పెరుగుతాయి. టీడీఎస్ దగ్గరగా ఉన్నప్పుడు, పీహెచ్‌లో ఉన్న కొద్దిపాటి తేడాను ఆరోగ్యంగా ఉన్న చేప తట్టుకుంటుంది. కాబట్టి అమ్మేవాళ్లని పీహెచ్‌తో పాటు టీడీఎస్ ఎంతో అడిగి, వీలైతే మొదటి వారం క్వారంటైన్ తొట్టిలో అదే స్థాయి నీళ్లు సిద్ధం చేసుకోవాలి.

దూర ప్రయాణం చేసి వచ్చిన సంచిలో ఇంకో మోసం ఉంటుంది. మూసిన సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ పోగై పీహెచ్ బాగా దిగిపోతుంది, అదే సమయంలో అమ్మోనియా కూడా పోగవుతుంది. సంచి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, పీహెచ్ ఎక్కుతుంది, హాని చేయకుండా ఉన్న అమ్మోనియం విషంగా మారుతుంది. అలాంటి సంచిని విప్పి, రెండు గంటల పాటు చుక్కచుక్కగా ట్యాంకు నీళ్లు పోస్తూ కూర్చోవడం జాగ్రత్తలా కనిపించినా చేపను అమ్మోనియాలో నానబెట్టడమే. సంచి మూసి ఉండగానే వేడి సమానం చేసి, విప్పిన వెంటనే చేపను సంచి నీళ్లు లేకుండా తీసి సిద్ధం చేసిన తొట్టిలో వదలడం మేలు. పక్క వీధి నుంచి అరగంటలో తెచ్చిన చేపకి ఈ తొందర అక్కర్లేదు.

గుడ్ల దగ్గర మాత్రం

సాఫ్ట్ వాటర్ నిజంగా అవసరమయ్యే సందర్భం ఒకటుంది: గుడ్లు. పెద్ద చేపలు హార్డ్ వాటర్‌లో హాయిగా తిరుగుతాయి, జత కడతాయి, గుడ్లు కూడా పెడతాయి. కానీ కాల్షియం ఎక్కువున్న నీళ్లలో గుడ్డు పొర గట్టిపడి చాలా గుడ్లు ఫలించకుండా తెల్లబడిపోతాయి. అందుకే పెంపకందారులు జతను విడిగా ఒక తొట్టిలో పెట్టి, కొన్ని రోజుల్లో ఆర్‌ఓ నీళ్లు పెంచుకుంటూ కండక్టివిటీని 50 నుంచి 150 మైక్రోసీమెన్స్‌కి, పీహెచ్‌ని 6 దరిదాపులకి తెస్తారు. ఆ తొట్టిలో రెండే చేపలు, ఒక స్పాంజ్ ఫిల్టర్, పరిమితమైన మేత. కేహెచ్ తక్కువున్నా ఖర్చు కూడా తక్కువే కాబట్టి రోజూ పది శాతం నీళ్లు మారిస్తే నిలబడుతుంది.

గుడ్లు రెండు మూడు రోజుల్లో పగులుతాయి. ఇంకో రెండు మూడు రోజులకి పిల్లలు ఈదడం మొదలుపెట్టి తల్లిదండ్రుల ఒంటికి అతుక్కుంటాయి. వాటి మొదటి ఆహారం పెద్ద చేపల చర్మం మీద ఊరే జిగురు. ఈ రోజుల్లో పీహెచ్‌ని కదపకపోవడమే మంచిది. పిల్లలకి విడిగా మేత మొదలైన దగ్గర్నుంచి తొట్టిలో అమ్మోనియా పెరుగుతుంది, ఎముకలు కట్టడానికి వాటికి ఖనిజాలు కూడా కావాలి. అప్పటినుంచి నీళ్లు మార్చిన ప్రతిసారీ ఆర్‌ఓ వాటా కొంచెం తగ్గించి, కుళాయి నీళ్ల వాటా కొంచెం పెంచుతూ రావాలి. మూడు నాలుగు వారాలు గడిచేసరికి ఆ పిల్లలు పూర్తిగా కుళాయి నీళ్లకి, అవి ఎంత పీహెచ్‌లో ఉంటే అంత పీహెచ్‌కి అలవాటు పడి ఉంటాయి.